గుంటూరులో అద్దె ఇంట్లో దిగుతున్నారా? కరెంటు, నీళ్లు, చెత్త సంగతి ఇలా చూసుకోండి

పాలు పొంగించే రోజు ఇంట్లో అందరూ స్టవ్ చుట్టూ చేరతారు. ఒక్కరైనా మీటరు దగ్గరికి వెళ్లాలి. మేం బ్రాడీపేటలో దిగినప్పుడు ఆ పని ఎవరం చేయలేదు. నెల తిరిగేసరికి పాతవాళ్లు వాడిన యూనిట్లు కూడా కలిసి బిల్లొచ్చింది. ఓనరు గారిని అడిగితే "ఇంట్లో ఉన్నది మీరే కదండీ" అన్నారు. కట్టేశాం.

1. ముందు మీటరు

మీటరు తెరమీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. పక్కన కేడబ్ల్యూహెచ్ అని కనిపించేదాకా ఆగి ఫొటో తీయండి. యూనిట్లంటే అవే. మీటరు నంబరు కూడా ఫొటోలో పడాలి. అక్కడే నిలబడి ఓనరుకి వాట్సాప్‌లో పంపేయండి. పాత బిల్లు ఒకటి అడిగి, సర్వీస్ నంబరు ఫోన్‌లో దాచుకోండి.

అపార్ట్‌మెంట్ అయితే ఇంకో పరీక్ష ఉంది. గీజర్ వేస్తే మీ మీటరులో ఎర్ర లైటు గబగబా మిణుకుమనాలి, ఇంట్లో మెయిన్ ఆపితే ఆగాలి. ఆగకపోతే మీరు వేరేవాళ్ల బిల్లు కడుతున్నారేమో, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి.

బిల్లులో ఏసీడీ అని కనిపిస్తే కంగారు పడొద్దు. అది వాడకం పెరిగినందుకు అడిగే అదనపు డిపాజిట్, సర్వీసు ఎవరి పేరున ఉంటే వాళ్లది. అంటే కట్టాల్సింది ఓనరే. ఈ ముక్క అగ్రిమెంట్‌లో రాయించుకుంటే తర్వాత మాటా మాటా రాదు.

2. కరెంటు పోతే

ముందు బాల్కనీలోకి వచ్చి వీధి చూడండి. మీ ఇల్లొక్కటే చీకటైతే ట్రిప్పయింది మీ ఎంసీబీయే (మెయిన్ బోర్డులో లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) కావచ్చు. వీధంతా పోతే 1912కి చేయండి. సర్వీస్ నంబరు చెప్పి, కంప్లయింట్ నంబరు తీసుకోండి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో అడ్రస్ చెప్పడం తేలిక. లైను, అడ్డరోడ్డు కలిపి 4/14 అంటే చాలు. మిగతా పేటల్లో దగ్గరున్న స్తంభం మీది నంబరు చెప్పండి.

3. నీళ్ల దగ్గరే జాగ్రత్త

తక్కెళ్లపాడులో శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు ఊళ్లోకి వస్తాయి. అక్కడ బాగానే ఉన్న నీళ్లు మన కుళాయికి చేరేలోపు పాడవడం కొత్త కాదు. 2018 మార్చిలో ఈ ఊళ్లోనే అతిసారం ప్రబలి జనం చనిపోయారు. పైపులో నీళ్లు కొన్ని గంటలే ఉంటాయి. మిగతా సమయంలో ఖాళీ. పక్కనే కాలువ, పైపుకి ఎక్కడో చిల్లు ఉంటే మురుగు లోపలికి దిగుతుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించినవాళ్లు దాన్ని ఇంకా గట్టిగా లాగుతారు. అందుకే ఆ పని చేసే పక్కింటాయనతో మొహమాటం పెట్టుకోకండి.

నీళ్లు వదిలినప్పుడు మొదటి నీళ్లు తెల్ల రంగు బకెట్‌లో పట్టండి. రంగు, వాసన చూసి పారబోయండి. అనుమానంగా ఉంటే వార్డు సచివాలయంలో క్లోరిన్ పరీక్ష అడగండి. గొట్టంలో మన కుళాయి నీళ్లు పోసి రెండు మూడు చుక్కల పరీక్ష ద్రావణం వేస్తారు. పసుపు రంగు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. రంగు మారకపోతే ఆ నీళ్లు తాగొద్దు, అక్కడికక్కడే ఫిర్యాదు రాసివ్వండి.

4. ఎవరికి చెప్పాలి?

కుళాయి, వీధిలైటు అయితే సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీ. కాలువ, చెత్త అయితే శానిటేషన్ సెక్రటరీ. నోటితో చెప్పి వచ్చేస్తే మర్చిపోతారు, రసీదు నంబరు అడగండి. పని కాకపోతే ఆ నంబరుతోనే ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేయండి, లేదా సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇవ్వండి. 2025 జనవరిలో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ సేవ మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009కి హాయ్ అని పెడితే కరెంటు బిల్లు, ఇంటి పన్ను వగైరా లైన్లో నిలబడకుండా కట్టేయొచ్చు.

5. చెత్త, గ్యాస్

తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో. చెత్త పన్ను 2024 చివర్లో ఎత్తేశారు, ఆ పేరుతో ఎవరైనా అడిగితే ఇవ్వక్కర్లేదు.

గ్యాస్ బుక్‌లో అడ్రస్ మార్పించుకోండి. వంటింట్లో గ్యాస్ వాసన వస్తే మాత్రం ఏ స్విచ్ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి బయటికి రండి. 1906కి ఫోన్ బయటినుంచే చేయండి.