ఇంగ్లీషులో మంత్రగత్తెల గుంపు గురించి ఎలా రాయాలి?

మంత్రగత్తెల గుంపుకి ఇంగ్లీషులో ఒక్క మాట చాలు: కవెన్. స్పెల్లింగ్ సి, ఓ, వి, ఇ, ఎన్. అది చూసి 'కోవెన్' అనకండి. మొదటిసారి 'ఎ కవెన్ ఆఫ్ విచెస్' అని రాయండి, ఆ తర్వాత ఉత్త 'ద కవెన్' సరిపోతుంది. ఇంతవరకు ఎవరైనా రాసేస్తారు.

సమూహవాచకాల జాబితాలు బట్టీపట్టి కొత్త మాట వాడాలని చూడకండి. కాకుల గుంపుని 'మర్డర్' అనడం 1486లో సెయింట్ ఆల్బన్స్‌లో అచ్చయిన వేట పుస్తకంలోనే ఉంది. ముచ్చటైన మాటే, కానీ కథ మధ్యలో అలాంటిది తగిలితే చదివేవాళ్లు ఆగిపోతారు. కవెన్ దగ్గర ఎవరూ ఆగరు.

దారిలో ఎదురైన ముగ్గురు కవెన్ కాదు, 'త్రీ విచెస్' అంతే. కలిసి రావడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టింది కవెన్. కాన్వెంట్‌కీ అదే మూలం. కాబట్టి వాళ్లు ఒక కట్టుగా ఉండాలి, కలుస్తూ ఉండాలి. పదమూడుగురే ఉండాలన్న పట్టింపు మాత్రం వద్దు. 1662లో స్కాట్లండ్‌లో ఇసొబెల్ గౌడీ అనే ఆమె, మంత్రగత్తె అన్న నింద మీద తనని విచారించినప్పుడు, ఆ లెక్క చెప్పింది. 1921లో మంత్రగత్తెల గురించి మార్గరెట్ మర్రే రాసిన పుస్తకంతో అది బాగా పాకింది. మీ కథలో ఐదుగురున్నా కవెనే.

ఇక అందరూ తప్పు చేసేది క్రియ దగ్గర. తెలుగులో 'గుంపు వచ్చింది' అంటాం, 'జనం వచ్చారు' అంటాం. రెండూ సమూహాలే, క్రియలు వేరు. ఇంగ్లీషులో కవెన్ ఒక్కటే ఈ రెండు రకాలుగానూ నడుస్తుంది. అమెరికా పద్ధతిలో అది గుంపు లాంటిది: 'ద కవెన్ మీట్స్'. బ్రిటిష్ పద్ధతిలో, సభ్యులు విడివిడిగా మనసులో ఉంటే, జనం లాంటిది: 'ద కవెన్ ఆర్ ఆర్గ్యుయింగ్'. ఏదైనా ఒప్పే. రెండూ కలిపితేనే తప్పు.

నేను దిద్దే కథల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ఇది: 'ద కవెన్ హాజ్ లాస్ట్ దెయిర్ లీడర్'. 'హాజ్' ఏకవచనం, 'దెయిర్' బహువచనం. 'హాజ్' అంటే 'ఇట్స్' రాయాలి, 'హావ్' అంటే 'దెయిర్' రాయాలి. ఈ తప్పు స్పెల్ చెకర్‌కి దొరకదు. అందుకే ప్రింటు తీసి, ప్రతి 'కవెన్' కింద పెన్సిల్‌తో గీత గీసి, అక్కడి నుంచి దాని క్రియ దాకా, సర్వనామం దాకా వేలు పెట్టి చూడండి. స్క్రీన్ మీద చూస్తే కన్ను దాటేస్తుంది. ఎటూ తేల్చుకోలేకపోతే ఏకవచనమే రాయండి, ఎక్కడైనా చెల్లుతుంది.

ఇదంతా కల్పిత కథలకే. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలన్న నింద మోపి 19 మందిని ఉరితీశారు, వాళ్లలో మగవాళ్లూ ఉన్నారు. వాళ్లని 'సేలం కవెన్' అని రాస్తే నాకు కడుపు మండిపోతుంది. వాళ్లు మంత్రాలూ చేయలేదు, గుంపూ కట్టలేదు. మన దగ్గర బాణామతి, చేతబడి నెపంతో దెబ్బలు తిన్నవాళ్ల గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడూ అంతే. అక్కడ 'ది అక్యూజ్డ్' అని రాయండి.