నేపియర్ గడ్డి సాగు – మూడో పాఠం: కన్ను చూసి కొడవలి పెట్టండి

పశువుల మేతకు పెంచే ఈ గడ్డి మీద రాసిన రెండో పాఠం చదివి ముచ్చెలు, అంటే కాండం ముక్కలు, నాటినవారిలో చాలామంది ఒకే మాట రాశారు: ఇరవై రోజులైంది, మొలక లేదు. ఈసారి మొదటి కోత గురించి చెప్పాలి. చెబుతాను. కాని మొలవని చేనుకు కోత పాఠం ఎందుకు? ముందు ఆ ముచ్చెల సంగతి తేల్చుకుందాం.

తప్పులో పెద్ద వాటా నాదే. మూడు కణుపుల ముచ్చె తీసుకుని, రెండు కణుపులు మట్టిలోకి, ఒకటి పైకి ఉండేలా ఏటవాలుగా గుచ్చమన్నాను. ఆ ముచ్చెను ఎంత వయసున్న కాండం నుంచి, అందులో ఏ భాగం నుంచి నరకాలో రాయలేదు. చెరకు నాటిన చేతులకు అది వేరే చెప్పాలా అనుకున్నాను. రాసినవారిలో ఎక్కువమంది పశువుల కోసం కోసుకొచ్చిన రెండు నెలల గడ్డిలోంచే ముక్కలు నరికి పెట్టారు. లేత కాండంలో కన్ను, అంటే కణుపు దగ్గర మొలకెత్తే మొగ్గ, ముదరదు, తడి తగలగానే ముక్క మెత్తబడి కుళ్లిపోతుంది. నాటడానికి మూడు నాలుగు నెలలు కోయకుండా వదిలిన కాండం కావాలి. అందులోనూ పై మూడో వంతు పశువులకు వేసి, కింది రెండు వంతులనే ముచ్చెలకు వాడండి. గోరుతో గిచ్చితే తొక్క దిగకూడదు. నేను చూసుకునే గుర్తు అదొక్కటే.

రెండో కారణం, ముచ్చెను తలకిందులుగా నాటడం. కన్ను ఎప్పుడూ కణుపు గీతకు కాస్త పైన, ఆకు తొడుగు మొదట్లో దాగి ఉంటుంది. దాని మొన కాండం కొస వైపు చూస్తుంది. చేతిలో ఉన్న ముక్కలో ఆ మొన నేల వైపు చూస్తోందంటే ముక్క తిరగబడినట్టే. అలా నాటినా కొన్ని మొలుస్తాయి, కాని వంకర తిరిగి ఆలస్యంగా పైకొస్తాయి. ముక్కముక్కకూ కన్ను వెతికే తీరిక నాకు ఉండదు. అందుకే నరికేటప్పుడే మొదలు వైపు ఏటవాలుగా, కొస వైపు అడ్డంగా కోస్తాను. ఏటవాలు కొన మట్టిలోకి పోవాలి. కూలీలకు చెప్పాల్సింది ఆ ఒక్క మాటే.

నల్లరేగడిలో నాటిన కొందరికి నీరు నిలిచి కుళ్లింది. వాళ్లు బోదెలు తోలి, బోదె పక్కన నాటుకోవాలి. అంతకుమించి చెప్పేదేమీ లేదు.

ఒక పాఠకుడి లేఖ మాత్రం బాధ కలిగించింది. సూపర్ నేపియర్ విత్తనాలని ఎవరో అమ్మితే కొని చల్లారట, సజ్జ మొక్కలు మొలిచాయట. మనం నాటేది సజ్జనూ నేపియర్‌నూ సంకరపరిచిన హైబ్రిడ్ నేపియర్, దానికి మొలిచే విత్తనం ఉండదు. సజ్జలో 14 క్రోమోజోములు, అసలు నేపియర్‌లో 28. రెంటినీ సంకరపరిస్తే వచ్చే మొక్కలో 21. అవి జతలుగా కుదరవు కాబట్టి వెన్ను వేసినా గింజ కట్టదు. కో-4 అయినా, ఎపిబిఎన్-1 అయినా, థాయిలాండ్ నుంచి వచ్చి మన దగ్గర సూపర్ నేపియర్‌గా చలామణి అవుతున్న పాక్‌చోంగ్ రకమైనా, కాండం ముచ్చెతోనో వేరు పిలకతోనో నాటాల్సిందే. ఈ గడ్డి పేరుతో గింజల పొట్లం ఎవరిచ్చినా తీసుకోకండి.

ఖాళీలు పడినచోట మళ్లీ ముచ్చెలు పెట్టకండి. పక్క మొక్కలు ఎదిగి నీడ కమ్మితే కొత్త ముచ్చె లేవలేదు. పాత దుబ్బు నుంచి వేరుతో సహా పిలకలు చీల్చి తెచ్చి పూడ్చండి.

ఇప్పుడు కోత. నాటిన 60 నుంచి 70 రోజులకు మొదటిది, తర్వాత ప్రతి 40, 45 రోజులకు ఒకటి. చలికాలంలో ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి మరో పది పదిహేను రోజులు ఆగాలి. మరీ ముందుగా కోస్తే లేత గడ్డిలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి పశువుకు అందాల్సిన కాల్షియాన్ని పట్టేస్తాయి. మూడు నెలలు వదిలేస్తే కాండం కట్టెలా మారి, పశువు ఆకు తిని మొద్దు వదిలేస్తుంది. ఈ రోజుల లెక్క అందరూ పాటిస్తారు. ఎవరూ పట్టించుకోనిది కోత ఎత్తు.

నేను చూసిన పది చేలల్లో ఎనిమిదింటిలో గడ్డిని మోకాలి ఎత్తున కోశారు. నడుము వంచడం కష్టమే, ఒప్పుకుంటాను. కాని ఆ మోకాలి ఎత్తు మోడుకు నాలుగైదు కణుపులుంటాయి, ప్రతి కణుపుకూ ఒక కన్ను. పై భాగం పోగానే పైనున్న కన్ను ముందుగా మేల్కొంటుంది. ఆ కంటి నుంచి వచ్చే పిలకకు సొంత వేరు ఉండదు, పాత కాండాన్ని పట్టుకుని వేలాడుతూ బతుకుతుంది. సన్నగా ఉంటుంది, గాలికి విరుగుతుంది. నేలను ఆనుకుని ఉన్న కన్ను అలా కాదు. దాని పిలక తన వేళ్లు తానే దింపుకుని మరుసటి కోతకు కొత్త కాండం అవుతుంది. పై కళ్లు లేచినకొద్దీ అడుగు కళ్లు నిద్రపోతాయి. మోకాలి ఎత్తున నాలుగు కోతలు కోసి చూడండి, దుబ్బు చీపురులా తయారవుతుంది. అప్పుడు అందరూ రకం మంచిది కాదంటారు, ఎరువు చాలలేదంటారు. ఒకరు ఎకరానికి యూరియా రెట్టింపు చేశారు. పిలకలు ఇంకా సన్నగా, పొడుగ్గా వచ్చి నేలమీద పడిపోయాయి. ఇంకొకరు చేను దున్నేసి మళ్లీ కొత్త ముచ్చెలు కొన్నారు. ఆ పాత దుబ్బుల్ని కిందికి కోసి ఉంటే చాలు, ఆ ఖర్చు తప్పేది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెబుతాను: చేను పాడుచేసింది కొడవలి ఎత్తు.

అలాగని నేలమట్టానికి చెక్కేయకండి. తిరిగి మొలవడానికి కావాల్సిన బలం కాండం మొదట్లోనే నిల్వ ఉంటుంది. ఎండాకాలంలో దాన్ని కూడా తీసేస్తే దుబ్బు కోలుకోలేదు. నేలకు బెత్తెడు ఎత్తు, అంటే సుమారు 10 సెంటీమీటర్లు వదలండి. కొడవలి పదునుగా ఉండాలి. బ్రష్ కట్టర్ వాడేవారు నైలాన్ దారం తీసి చక్రపు బ్లేడు బిగించాలి. దారం మోడును పీచులుగా చీలుస్తుంది, ఆ చీలికల్లో నీరు దిగి కుళ్లు పడుతుంది.

కోసిన వారానికి కొత్త మొలకలు కనబడగానే నేను ఎకరానికి 25 కిలోల యూరియా వేసి తడి ఇస్తాను. కొట్టం కడిగిన నీరు పారే వసతి ఉంటే అది ఇంకా మేలు, నా ఓటు దానికే. యూరియా వేశాక మూడు వారాలైనా గడవనిదే కోయకండి, గడ్డిలో పశువుకు హాని చేసే నైట్రేట్లు పేరుకుంటాయి. ఆ జాగ్రత్త బెట్టలో మరీ అవసరం.

చేను మొత్తం ఒకేసారి కోసేవారికి ఒక లెక్క. రెండు పాడి గేదెలకు రోజుకు 60 కిలోల పచ్చిమేత అనుకోండి. దుబ్బుకు 2 కిలోలు వస్తే రోజుకు 30 దుబ్బులు. 45 రోజులకు 1,350. మూడడుగులకు రెండడుగుల ఎడంలో ఇది 8,100 చదరపు అడుగులు, దాదాపు 19 సెంట్లు. రోజుకు ఒక సాలు చొప్పున కోసుకుంటూ పోతే చివరికి చేరేసరికి మొదటి సాలు మళ్లీ సిద్ధం. మేత ముదిరిపోయే బాధ ఉండదు. చాఫ్ కట్టర్‌లో అంగుళం ముక్కలు చేసి, అలసందో దశరథ గడ్డో, అలాంటి పప్పుజాతి మేత కలిపి వేయండి. నేపియర్ ఒక్కటే వేస్తే మాంసకృత్తులు చాలవు.

అభ్యాసం: 12 దుబ్బులు ఎంచుకుని కర్రలు పాతి గుర్తుపెట్టండి. నాలుగింటిని మోకాలి ఎత్తున, నాలుగింటిని బెత్తెడు ఎత్తున, నాలుగింటిని నేలకు ఆనించి కోయండి. నీరు, ఎరువు అన్నింటికీ సమానం. 10వ రోజున, 25వ రోజున ప్రతి దుబ్బులోనూ మొలకలు లెక్కపెట్టాలి. నేల నుంచి వచ్చినవి ఒక వరుసలో, మోడు కణుపుల నుంచి వచ్చినవి మరో వరుసలో రాయాలి. 45వ రోజున దేనికది విడిగా కోసి తూకం వేయాలి. మళ్లీ అదే ఎత్తున రెండో కోత, మూడో కోత కూడా. నాలుగున్నర నెలల పని ఇది. మొదటి కోత తూకంలో మోకాలి ఎత్తు దుబ్బులే ముందున్నా కంగారుపడి ఆపేయకండి, మూడో కోత తూకం కూడా వచ్చాకే నాకు పంపండి.