డిస్క్ గోల్ఫ్ హోల్‌కి స్థాయిని బట్టి పార్ ఎలా వేయాలి?

డిస్క్ గోల్ఫ్ అంటే టీ (మొదటి త్రో వేసే చోటు) నుంచి డిస్క్ విసురుతూ, వీలైనన్ని తక్కువ త్రోలలో బాస్కెట్‌లో వేసే ఆట. అలా ఒక టీ నుంచి ఒక బాస్కెట్ దాకా ఒక హోల్, దాన్ని ఇన్ని త్రోలలో ముగించాలన్న లెక్క పార్. కొత్త కోర్సుకి వెళ్తే నేను ముందు చూసేది స్కోర్‌కార్డ్ మీది పార్ వరుస. పద్దెనిమిది హోల్స్‌కీ 3, 3, 3 అని ఉంటే ఎవరూ టేపు పట్టలేదన్నమాట. సగం హోల్స్‌కి 5 ఉంటే, కొత్తవాళ్లు చిన్నబుచ్చుకుంటారేమోనని ఎవరో ఉదారంగా వడ్డించేశారన్నమాట. రెండూ నేల విడిచి సామే.

పీడీజీఏ (ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్) నియమావళి ప్రకారం, మామూలు వాతావరణంలో, పొరపాటు లేకుండా ఆడితే నిపుణుడైన ఆటగాడు ఆ హోల్‌లో చేస్తాడనుకునే స్కోరే పార్. టోర్నమెంట్లో దాన్ని ఖాయం చేసేది డైరెక్టర్. స్థాయిల వారీగా వేయాలంటే 'నిపుణుడు' అన్నచోట మీ స్థాయి ఆటగాణ్ని నిలబెట్టండి. 'పొరపాటు లేకుండా' అన్నది మాత్రం కదపొద్దు.

గెలుపు మొత్తం త్రోల మీదే కదా, పార్ ఎంతైతేనేం అని వాదించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆలస్యంగా వచ్చి ఒక హోల్ పోగొట్టుకున్నవాడికి ఆ హోల్‌లో పార్ మీద నాలుగు కలిపి స్కోరు వేస్తారు. 3 ఉండాల్సిన చోట మీరు 4 రాస్తే వాడికి 7 బదులు 8 పడుతుంది. వాడికి చెప్పి చూడండి ఆ మాట.

1. దూరం కొలవండి. టేపో, లేజర్ రేంజ్‌ఫైండరో, ఏదైనా సరే. టీ నుంచి బాస్కెట్‌కి చెట్ల మీదుగా తిన్నగా కాకుండా, డిస్క్ ఎగరాల్సిన దారి వెంట కొలవండి. ఎత్తుపల్లాలుంటే ఎత్తు తేడాని మూడుతో గుణించి, ఎక్కుడైతే కలపండి, దిగుడైతే తీసేయండి. నాలుగు మీటర్ల ఎక్కుడంటే పన్నెండు మీటర్లు అదనం.

2. స్థాయి ఎంచుకోండి. పీడీజీఏ రేటింగ్ (ఆటగాడి స్కోర్ల నుంచి కట్టే అంకె) 1000 దగ్గర ఉన్నవాళ్లు గోల్డ్, 950 బ్లూ, 900 వైట్, 850 రెడ్. ఒక రంగు టీకి ఒక స్థాయి, ఒకే పార్. ఒకే టీ బోర్డు మీద మూడు పార్లు రాయకూడదు. నోటుబుక్కులో ఎన్నయినా రాసుకోండి.

3. ఎవరు ఎంత దూరం వేస్తారో చూడండి. అడగొద్దు, చూడండి. అడిగితే ఎప్పుడో ఒకసారి వెనక నుంచి గాలి తోసినప్పుడు పడిన దూరం చెబుతారు. ఒక్కో స్థాయిలో ఐదారుగురి చేత తలా పది డ్రైవ్‌లు (టీ నుంచి వేసే మొదటి త్రోలు) వేయించి మధ్యలో పడినది రాసుకోండి. అందరికంటే దూరం పోయిన డిస్క్‌ని చూసి మురిసిపోవడం వేరే పని.

4. దగ్గరి దూరం తేల్చండి. అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి. పార్ అంటే, దగ్గరి దూరంలోకి రావడానికి పట్టే త్రోలు, వాటి మీద ఇంకో రెండు. మరి దగ్గరి దూరం అంటే ఎంత? బాస్కెట్ చుట్టూ పది మీటర్ల వలయం ఉంటుంది కదా, చాలామంది దాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఆ వలయం ఉన్నది పట్ (బాస్కెట్‌లోకి వేసే దగ్గరి త్రో) వేశాక కాలు ముందుకు వేయకుండా నిలదొక్కుకోవాలన్న నియమం కోసం. పార్‌తో దానికి సంబంధం లేదు. బాస్కెట్‌కి ముప్ఫై మీటర్లలో నిలబడ్డ మంచి ఆటగాడు ఒక అప్‌షాట్ (బాస్కెట్ పక్కకు చేర్చే త్రో), ఒక పట్‌తో పని ముగించేస్తాడు. అతనికి ముప్ఫై మీటర్లూ దగ్గరే.

అందుకే దీన్నీ కొలవాలి. 15, 20, 25, 30 మీటర్లు, ఇలా దూరం పెంచుకుంటూ ఆ స్థాయివాళ్ల చేత ఒక్కోచోట నుంచి పదిసార్లు ఆడించండి. పదికి ఎనిమిదిసార్లు రెండు త్రోలలోపు ముగిస్తున్నంత మేరా వాళ్లకి దగ్గరి దూరం. పదికి ఎనిమిది అన్నది నా లెక్క, నాకు ఇదే సరిపోయింది.

150 మీటర్ల తిన్నని హోల్ ఒకటి ఉందనుకోండి. గోల్డ్ ఆటగాడు 120 వేస్తాడు, 30 మిగిలింది, అతని దగ్గరి దూరం 40. ఒకటి ప్లస్ రెండు, పార్ 3. పది మీటర్ల వలయాన్ని నమ్ముకున్నవాడు ఇక్కడే 4 రాసేసి ఊరందరికీ బర్డీలు (పార్ కంటే ఒకటి తక్కువ స్కోర్లు) పంచుతాడు. రెడ్ ఆటగాడు 70 చొప్పున రెండు వేస్తే 10 మిగులుతుంది. రెండు ప్లస్ రెండు, నిక్కమైన 4. ఇక బ్లూ: 100 వేశాడు, 50 మిగిలింది, దగ్గరి దూరం 30. అంటే అతనికీ 4! కానీ అతని రెండో త్రో యాభై మీటర్లే కాబట్టి తరచూ బాస్కెట్ పక్కనే పడుతుంది, 3తో బయటపడతాడు. ఇది అటూ ఇటూ కాని హోల్. పార్ మార్చి దీన్ని బాగుచేయలేరు. బ్లూ టీని ఇరవై మీటర్లు ముందుకు జరిపితే 30 మిగులుతుంది, పార్ 3 అవుతుంది, గొడవ వదిలిపోతుంది.

ఫెయిర్‌వే (టీ నుంచి బాస్కెట్ దాకా ఆడే దారి) ఎనభై మీటర్ల దగ్గర మలుపు తిరిగితే గోల్డ్ ఆటగాడి 120 అక్కరకు రాదు, 80 అనే లెక్క పెట్టండి.

5. స్కోరుకార్డులతో సరిచూడండి, సగటు జోలికి పోకుండా. బాస్కెట్ ముందు నీళ్లున్న హోల్‌లో ఒకే స్థాయివాళ్లు నలభై మంది ఆడారనుకోండి. 2 చేసినవాళ్లు ఇద్దరు, 3 పంతొమ్మిది మంది, 4 తొమ్మిది మంది, 5 ఏడుగురు, 6 ముగ్గురు. సగటు 3.8. దాన్ని 4కి సవరించి బోర్డు రాయించే కమిటీతో ఒకసారి నేను సాయంత్రమంతా వాదించాను, ఫలితం సున్నా. ఆ 5లూ 6లూ నీళ్లలో పడేసి ఔట్ ఆఫ్ బౌండ్స్ (హద్దు దాటిన) పెనాల్టీ మోసినవాళ్లవి. అవి పొరపాట్లు. పార్‌లో పొరపాట్లకి చోటు లేదని మొదట్లోనే చెప్పుకున్నాం. తడబడనివాళ్లలో ఎక్కువమంది చేసినది 3, కాబట్టి పార్ 3. కష్టమైన హోల్ అంటారా, కష్టమైన పార్ 3 అనుకోండి.

ఈదురుగాలి రోజు కార్డులు పక్కన పడేయండి. నిర్వచనంలోనే మామూలు వాతావరణం అని ఉంది.

కొన్ని పొట్టి హోల్స్‌లో టీయే దగ్గరి దూరంలో ఉంటుంది. సున్నా ప్లస్ రెండు, పార్ 2 అని వస్తుంది. లెక్క తప్పలేదు, టీ తప్పుచోట ఉంది. బోర్డు మీద 3 రాసి కప్పిపుచ్చకుండా టీని వెనక్కి జరిపి, టేపు తీసుకుని మళ్లీ మొదటి నుంచి కొలవండి.