మిగిలిన లాబ్‌స్టర్‌ను మళ్లీ వేడిచేసే పద్ధతి

రెస్టారెంటు నుంచి డబ్బాలో తెచ్చుకున్నదైనా, ఇంట్లో ఆవిరిపై ఉడికించగా మిగిలినదైనా, లాబ్‌స్టర్ అప్పటికే పూర్తిగా ఉడికిన మాంసం కనుక రెండోసారి పొయ్యి ఎక్కించేటప్పుడు దానిని వెచ్చబెడితే చాలు. వేడి తగిలినప్పుడు కండలోని మాంసకృత్తులు ముడుచుకుని నీటిని బయటకు పిండేస్తాయి. మొదటి వంటలోనే ఆ నీటిలో కొంత పోయి ఉంటుంది కాబట్టి, రెండోసారి వేడి ఎక్కువసేపు తగిలితే ముక్క రబ్బరులా సాగుతుంది.

ముందుగా నిల్వ సంగతి. వండిన లాబ్‌స్టర్‌ను 2 గంటలలోపు, ఎండ 32 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజైతే గంటలోపే, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి 4 డిగ్రీలకు మించని ఫ్రిజ్‌లో ఉంచి, 3 లేదా 4 రోజుల్లో తినేయాలి. అమ్మోనియా వంటి ఘాటు వాసన వచ్చినా, ముక్క జిగురుగా తగిలినా, ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా పారవేయవలసిందే. తల భాగంలో కనిపించే ఆకుపచ్చని మెత్తటి పదార్థాన్ని కొందరు ఇష్టంగా తింటారు గాని, అందులో విషపదార్థాలు చేరే ప్రమాదం ఉందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2008లో హెచ్చరించింది. కనుక వేడిచేసే ముందే దానిని తీసివేయడం మేలు.

లాబ్‌స్టర్‌ను అలాగే మొత్తంగా వేడిచేస్తే, మందంగా ఉండే తోక లోపలికి వేడి చేరేసరికి డెక్కల్లోని సన్నని కండ గట్టిపడిపోతుంది. అందువల్ల తోకను, డెక్కలను విడదీసుకోవాలి. పెంకుతో ఉన్న ముక్కలకు ఆవిరిని మించిన పద్ధతి లేదని నా అభిప్రాయం. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగి ఆవిరి బాగా వచ్చాక ముందు తోకను పెట్టి, రెండు నిమిషాల తరువాత డెక్కలను చేర్చి, మరో మూడు నాలుగు నిమిషాలకు దింపేయవచ్చు. మిగిలిన వంటకాలను లోపలి భాగం 74 డిగ్రీలకు చేరేదాకా వేడిచేయాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. వంటింటి థర్మామీటరు ఉంటే తోకలో అతి మందమైన చోట గుచ్చి చూసి, ఆ అంకె కనబడగానే ఆపేయాలి.

పెంకు ఒలిచిన కండకైతే వెన్న సరిపోతుంది. వెడల్పాటి బాండీలో రెండు చెంచాల నీళ్లు, కొంచెం వెన్న వేసి సన్నని సెగ మీద కరిగించి, ముక్కలు వేసి మూత పెట్టి, మధ్యలో ఒకసారి తిప్పాలి. వెన్న చిటపటలాడుతోందంటే సెగ ఎక్కువైనట్లే. నిలువునా చీల్చిన తోకలు చాలా ఉన్నప్పుడు ఓవెన్ సౌకర్యంగా ఉంటుంది: కండపై వెన్న రాసి, పళ్లెంలో కొద్దిగా నీళ్లు చిలకరించి, అల్యూమినియం ఫాయిల్‌తో బిగువుగా కప్పి, 175 డిగ్రీల వద్ద సుమారు 10 నిమిషాలు ఉంచాలి. మైక్రోవేవ్ ఒక్కటే దిక్కయినప్పుడు పెంకును పగలగొట్టి, తడి పేపర్ నాప్‌కిన్ కప్పి, సగం పవర్‌లో 20, 30 సెకన్ల చొప్పున చూసుకుంటూ వేడిచేయాలి. ఏ పద్ధతిలోనైనా ఆ పూటకు తినేంత మాత్రమే బయటికి తీయడం మంచిది.

సరిగ్గా నిల్వచేసిన కండను వేడిచేయకుండానే తినవచ్చన్నది చాలామంది మరిచిపోయే సంగతి. అమెరికాలో లాబ్‌స్టర్‌కు పేరుపడ్డ మెయిన్ (Maine) రాష్ట్రంలో చల్లని ముక్కలను కొద్దిగా మయోనైజ్‌తో కలిపి బన్నులో పెట్టి తింటారు; కనెక్టికట్‌లో మాత్రం వెచ్చని వెన్నతో ఇస్తారు.

అమెరికాలోని తెలుగు ఇళ్లలో మిగిలిన లాబ్‌స్టర్‌ను ఇగురులో వేయాలనిపించడం సహజమే. అయితే పచ్చి రొయ్యల మాదిరి దీనిని మసాలాతో పాటు మగ్గనిస్తే ముక్క పాడవుతుంది. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి అన్నీ వేగి నూనె తేలి, గ్రేవీ చిక్కబడి కుతకుతలాడుతున్నప్పుడు, ఒలిచి చిన్నగా కోసిన కండను చివర్లో వేసి, రెండు మూడు నిమిషాలు కలుపుతూ పొగలు వచ్చేదాకా వేడెక్కనిచ్చి దింపాలి. లాబ్‌స్టర్‌ను చాలాచోట్ల ఉప్పునీటిలోనే ఉడికిస్తారు కనుక, గ్రేవీలో ఉప్పు తగ్గించి వేసి, ముక్కలు కలిపాక రుచి చూసి సరిచేసుకోవాలి.