సెకండ్‌హ్యాండ్ బ్రాండెడ్ డెస్క్‌టాప్ కొంటున్నారా? ముందు పక్క మూత తీయించండి

విజయవాడ గవర్నర్‌పేటలో సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ బేరం కుదిరిందా, డబ్బులిచ్చే ముందు ప్లగ్ పీకించి పక్క మూత తీయించండి. రేపు ఏ పార్టు పోయినా బజార్లో దొరికేది అందులో పడుతుందా? చూడాల్సింది ఇదే.

మొదట ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా. దాన్నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే పెద్ద వైర్ల కట్ట క్లిప్పు నొక్కి తీసి పిన్నులు లెక్కపెట్టండి. రెండు వరసల్లో పన్నెండేసి, మొత్తం 24 ఉంటే సాధారణంగా అది మామూలు ఏటీఎక్స్, అంటే చాలా కంపెనీలు పాటించే ఉమ్మడి కొలత. ఆరో పదో ఉంటే చాలావరకు కంపెనీ సొంత డిజైన్. నేను ఈ లెక్క పెట్టకుండానే కొన్నాను, వానాకాలంలో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి ఎస్‌ఎంపీఎస్ కాలిపోయింది, మూడు రోజులు తిరిగినా ప్రతి షాపులో "ఇది వేరే టైపండీ, మా దగ్గర ఉండదు" అనే మాటే, మిగతాదంతా నిక్షేపంగా ఉన్న మెషీన్ మూలన పడింది.

పిన్నులు సరిపోయినా మోడల్ నంబర్ రాసుకుని కనుక్కోండి. 1990ల చివర్లో డెల్ కొన్ని మోడళ్లలో అచ్చం అప్పటి ఏటీఎక్స్ లాంటి 20 పిన్నుల కనెక్టరే పెట్టి వైర్ల వరస మార్చేసింది. మామూలు ఎస్‌ఎంపీఎస్ తగిలిస్తే బోర్డే కాలిపోయే ప్రమాదం.

తర్వాత స్లాట్లు, అంటే మదర్‌బోర్డు మీద అదనపు కార్డులు గుచ్చే గాళ్లు. ఇక్కడా కంపెనీ సొంత డిజైన్ గొడవ పాతదే. 1981లో ఐబీఎం తన పీసీని బయట దొరికే చిప్పులతోనే చేసి, సర్క్యూట్ వివరాలు కూడా అచ్చేసి ఇచ్చింది, దాంతో ఎవరు పడితే వాళ్లు కార్డులు చేశారు, కాంపాక్ లాంటివాళ్లు ఏకంగా పీసీలే చేశారు. మళ్లీ పట్టు సంపాదించాలని ఐబీఎం 1987లో పీఎస్/2 అనే తన కొత్త పీసీల పెద్ద మోడళ్లలో మైక్రో ఛానల్ అనే కొత్త స్లాటు పెట్టింది. టెక్నాలజీగా అది మంచిదే, పాతదానికంటే వేగం, కార్డు పెట్టిన ప్రతిసారీ జంపర్లు (సెట్టింగు కోసం పిన్నుల మీద తొడిగే చిన్న క్లిప్పులు) మార్చే బాధ లేదు. కానీ పాత కార్డు ఒక్కటీ అందులో దిగదు, పక్క కంపెనీలు వాడుకోవాలంటే రాయల్టీ కట్టాలి. డబ్బు పోసి కొన్న కార్డులు పారేయమంటే ఎవరు ఒప్పుకుంటారు? 1988లో కాంపాక్‌తో కలిపి తొమ్మిది కంపెనీలు ఒక్కటై, పాత కార్డులూ పట్టే ఈఐఎస్‌ఏ స్లాటుని ప్రకటించాయి. మైక్రో ఛానల్ పోయింది, పీఎస్/2 గుండ్రటి కీబోర్డు సాకెట్ మాత్రం అందరి మెషీన్లలోకీ వచ్చింది.

మీ మెషీన్లో ఇప్పటి కార్డులు పట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఉందో లేదో చూడండి. సన్న కేబినెట్ అయితే పొట్టి కార్డులే పడతాయి.

ఇన్ని చూశాక కూడా ఆ పది పిన్నుల మెషీనే నచ్చిందా, అదే మోడల్ ఎస్‌ఎంపీఎస్ ఇంకొకటి ఆ రోజే బేరంలో కలిపి అడగండి.