జర్మనీలో ఉద్యోగం: అద్దె ఇంటికి డబ్బు కట్టకముందే చూసుకోవాల్సినవి

ఆఫర్ లెటర్ రాగానే చాలామంది హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని మ్యూనిక్‌లో ఇల్లు ఖాయం చేసుకోవాలని చూస్తారు. మోసపోయేది ఎక్కువగా అక్కడే. ముందు నెలా రెండు నెలలకు ఫర్నిచర్‌తో ఉన్న తాత్కాలిక ఇల్లు తీసుకోండి, అసలు ఇల్లు అక్కడికి వెళ్లాక కళ్లతో చూసి తీసుకోండి. తాత్కాలిక ఇంటికి అద్దె ఎక్కువే అవుతుంది. అయినా చూడని ఇంటికి మూడు నెలల డిపాజిట్ పోగొట్టుకోవడం కన్నా నయం.

ఆ తాత్కాలిక ఇంటి యజమానిని ముందే ఒక్క ప్రశ్న అడగండి: 'వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్' ఇస్తారా? మీరు ఆ ఇంట్లో ఉంటున్నారని యజమాని సంతకం చేసి ఇచ్చే కాగితం అది. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్నే 'అన్‌మెల్డుంగ్' అంటారు, ఆ కాగితం లేకుండా అది జరగదు. నమోదయ్యాకే పన్ను నంబరు పోస్టులో వస్తుంది. అది ఆలస్యమైతే కంపెనీ అన్నిటికన్నా ఎక్కువ కోత పడే 6వ పన్ను తరగతి లెక్కన జీతం వేయవచ్చు. ఆ సొమ్ము తర్వాత తిరిగొస్తుంది కానీ, చేతిలో డబ్బు ఆడాల్సిన మొదటి నెలలోనే ఇబ్బంది. కాబట్టి 'ఉండొచ్చు కానీ నమోదు కుదరదు' అన్న ఇల్లు ఎంత చవకైనా వద్దు.

మోసగాళ్ల కథ దాదాపు ఎప్పుడూ ఒకటే. ఊరి నడిమధ్య అందమైన ఫ్లాటు, చుట్టుపక్కల అద్దెలో సగం ధర. యజమాని వేరే దేశంలో ఉంటాడు, డిపాజిట్ పంపితే తాళాలు పోస్టులో వేస్తానంటాడు. నమ్మకం కోసం ఎవరిదో పాస్‌పోర్టు ఫొటో పంపి, మీదీ పంపమంటాడు. మీరు పంపిన కాపీతో రేపు ఇంకొకరిని మోసం చేస్తాడు. ఇల్లు చూడకుండా, ఒప్పందం చేతికి రాకుండా ఒక్క యూరో కూడా పంపకండి. పాస్‌పోర్టు కాపీ ఇవ్వక తప్పకపోతే దాని మీద అడ్డంగా తేదీ, 'ఫలానా ఇంటి అద్దె దరఖాస్తుకు మాత్రమే' అని రాసి ఇవ్వండి.

ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది తరచూ 'కాల్ట్‌మీటె', అంటే ఉత్త అద్దె. నీళ్లు, చెత్త, మెట్ల శుభ్రత, సాధారణంగా హీటింగ్ ఖర్చు కూడా కలిపితే 'వార్మ్‌మీటె' అవుతుంది. కరెంటు, ఇంటర్నెట్ మామూలుగా ఇందులో ఉండవు. ఇవి కాక ప్రతి ఇంటికీ నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము ఉంటుంది. టీవీ లేకపోయినా కట్టాలి. ఏడాదికి 60,000 యూరోల జీతమంటే ఒంటరి మనిషి చేతికి నెలకు వచ్చేది సుమారు 3,100 నుంచి 3,200. అద్దె అందులో మూడో వంతు దాటితే చాలామంది యజమానులు దరఖాస్తు పక్కన పెట్టేస్తారు. '2 గదులు' అంటే ఒక పడకగది, ఒక హాలు. మన 2 బీహెచ్‌కే అనుకోకండి.

ఆఫీసుకు దగ్గర అంటే కిలోమీటర్లు కొలవకండి, రైలు మారాలో లేదో చూడండి. మ్యూనిక్ పక్కనున్న గార్చింగ్‌లో ఆఫీసైతే యూ6 మెట్రో లైను పక్కన ఎక్కడున్నా ఒకే రైలులో వెళ్లిపోవచ్చు. మ్యూనిక్‌లో దాదాపు అన్ని ఎస్-బాన్ (శివారు రైళ్ల) లైన్లూ నగరం నడిబొడ్డున ఒకే సొరంగం గుండా పోతాయి. అక్కడ సిగ్నల్ చెడితే ఆ పూట అన్నిటికీ ఇబ్బందే. ఒప్పందానికి ముందు ఒక పనిదినం ఉదయం ఆ దారిలో ఒకసారి వెళ్లి చూడండి.

జీతం స్లిప్పులు ఇంకా ఉండవు కాబట్టి ఉద్యోగ ఒప్పందం, వీసా కాపీ, చిన్న పరిచయ లేఖ ఒకే పీడీఎఫ్‌గా సిద్ధం చేసుకోండి. అప్పుల చరిత్ర చూపే 'షూఫా' కొత్తగా వచ్చినవాళ్లకు ఉండదని ఆ లేఖలోనే చెప్పేయండి. ఇల్లు చూపించే ఏజెంటు రుసుము అడిగితే, అతన్ని ఎవరు పెట్టారో అడగండి. 2015 జూన్ నుంచి అద్దె ఇళ్లకు ఏజెంటును పెట్టుకున్నవాళ్లే అతనికి డబ్బివ్వాలి. యజమాని పెట్టిన ఏజెంటుకు మీరు కట్టక్కర్లేదు.

ఇల్లు చూసేటప్పుడు ముందు వంటగదిలోకి వెళ్లండి. చాలా ఇళ్లలో స్టవ్వు, సింకు, అల్మరాలు ఏవీ ఉండవు, ఉత్త గోడలు, పైపులే. ఉన్న వంటగదిని పాత కిరాయిదారు అమ్ముతానంటే వస్తువుల పట్టిక రాయించుకుని, ఇల్లు మీకే ఇస్తున్నట్టు యజమాని ఖాయం చేశాకే డబ్బివ్వండి. స్నానపు నీళ్లు కరెంటుతో కాగుతాయా అన్నది కనుక్కోండి, దాన్ని బట్టి బిల్లు బాగా మారుతుంది. బయటి గోడల మూలల్లో, కిటికీల చుట్టూ నల్లటి బూజు మచ్చలుంటే వెనక్కి వచ్చేయండి. అన్నం ఆవిరి, పోపు, లోపల ఆరేసే బట్టలు, వీటన్నిటి తేమా చలికాలంలో గోడలకే పడుతుంది. కిటికీలు కొద్దిగా తెరిచి వదిలేయడం కాదు, రోజుకు రెండు మూడు సార్లు పూర్తిగా తెరిచి ఐదు, పది నిమిషాల్లో మూసేయాలి. బూజు పడితే ఆ తప్పు మీదేనని యజమాని అనే అవకాశం ఉంది.

ఒప్పందంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట 'క్యూండిగుంగ్స్‌ఫెర్‌త్సిఖ్ట్'. ఫలానా కాలం దాకా ఖాళీ చేయనని మీరు ఒప్పుకోవడం. ఇది నాలుగేళ్ల దాకా చెల్లుతుంది. ప్రొబేషన్‌లో ఉద్యోగం మామూలుగా రెండు వారాల నోటీసుతో పోతుంది. ఇంటి నోటీసు మాత్రం మూడు నెలలు. ఈ తేడాకే మూడు నెలల అద్దె చేతిలో ఉండాలి, ఇక ఏళ్ల తరబడి కట్టుబడటం మరీ ప్రమాదం. ప్రొబేషన్ ముగిసేదాకా అలాంటి షరతుకు సంతకం పెట్టకండి. ఖాళీ చేసే నోటీసు కాగితం మీద సంతకంతో ఇవ్వాలి, ఈమెయిల్ చెల్లదు. ఆ నెల లెక్కలోకి రావాలంటే మూడో పనిదినంలోగా యజమానికి చేరాలి.

డిపాజిట్ మూడు నెలల ఉత్త అద్దెకు మించకూడదు. దాన్ని మూడు సమాన నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది, మొదటిది అద్దె మొదలైనప్పుడు. తాళాలు తీసుకునే రోజు గోడ మీద గీతలు, నేల మీద మచ్చలు, కరెంటు, హీటింగ్ మీటర్ల అంకెలు అప్పగింత పత్రంలో రాయించి ఫొటోలు తీసుకోండి. బయటికి వచ్చేనాడు డిపాజిట్‌లో కోతలు ఆ కాగితం మీదే తేలతాయి. అదే రోజు పోస్టుడబ్బా మీద, కాలింగ్ బెల్ మీద మీ పేరు అతికించండి. పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరు రాయండి. డబ్బా మీద పేరు లేకపోతే పోస్టుమన్ పన్ను నంబరు ఉత్తరాన్ని వెనక్కి పంపేస్తాడు.