ఆకలా, కోరికా? సాయంత్రం ఐదింటికి తేల్చుకునే పద్ధతి

కడుపు నిండా మేసిన గేదె చెట్టు నీడన పడుకుని నెమరేస్తుంది. మనిషి పెరుగన్నం దాకా తిని, చెయ్యి కడుక్కోబోతూ కూడా, వేడి జిలేబీ వస్తోందంటే మళ్లీ కూర్చుంటాడు. అలాగని పశువుకు నిగ్రహం ఉందనుకోవద్దు. కట్టు తెంచుకుని వడ్ల బస్తా మీద పడితే అదే గేదె పొట్ట ఉబ్బి ప్రాణం మీదికొచ్చేదాకా తింటుంది. దాని సహజాతం గడ్డికి అలవాటు పడింది, గింజల రాశికి కాదు. 1973లో నోబెల్ అందుకున్న జంతు ప్రవర్తన శాస్త్రవేత్త నికో టిన్‌బర్గెన్ చూపించిన సముద్రతీర పక్షి కూడా అంతే. సొంత గుడ్డును వదిలి, బొమ్మగా చేసిపెట్టిన పెద్ద గుడ్డును పొదగబోతుంది. మన మిక్చర్ ప్యాకెట్ అలాంటి గుడ్డే. తేడా ఏమిటంటే, మనకు వస్తువు ఎదురుగా లేకపోయినా పేరు వింటే చాలు, పక్కవాడి ప్లేటు చూస్తే చాలు, కోరిక పుడుతుంది. ఆగి అడిగి చూసుకోగలిగేదీ మనమే.

ముందు గడియారం చూడండి. భోజనం చేసి నాలుగైదు గంటలు దాటితే పరీక్షలేమీ వద్దు, తినేయండి. ఇంకా రెండు గంటలే అయిందా? 'ఆకలి రుచెరుగదు' అన్న సామెతనే కొలబద్దగా పెట్టుకోండి. పొద్దుటి చల్లన్నంలో పెరుగు కలిపి, పచ్చడి కూడా లేకుండా పెడితే తింటారా? తింటాననిపిస్తే అది ఆకలి. 'ఊహూఁ, మిరపకాయ బజ్జీయే కావాలి' అనిపిస్తే కోరిక. ఎటూ తేలకపోతే గ్లాసుడు నీళ్లు తాగి, వంటింటికి దూరంగా 20 నిమిషాలు ఉండండి. ఆకలి పెరుగుతూ పోతుంది, కోరిక చాలాసార్లు పొంగి తగ్గుతుంది.

షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లకు చెమటలు, వణుకు వస్తే ఈ ఎదురుచూపు పనికిరాదు. వెంటనే రక్తంలో షుగరు ఎంతుందో చూసుకోవాలి. 70 (mg/dL) కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి.

కోరికే అని తేలితే నోరు కట్టేసుకోకండి. ఇకపై ముట్టనని ఒట్టేసుకుంటే రోజంతా దాని మీదే ధ్యాస. రెండు బజ్జీలు ప్లేటులో పెట్టుకుని, మిగతావి మూతపెట్టి, కూర్చుని తినండి. పొట్లంలోంచి నేరుగా తింటే లెక్క తప్పుతుంది. ముఖ్యంగా రుచి మార్చకండి. ఒకే రుచి తింటూ ఉంటే నాలుక దానికి విసుగెత్తుతుంది, మొదటి ముద్దలో ఉన్న ఆనందం ఐదో ముద్దలో ఉండదు. కారం తర్వాత స్వీటు, స్వీటు తర్వాత మిక్చర్ అంటూ పోతే ప్రతిసారీ కొత్తగా తినబుద్ధవుతుంది. విందులో మోతాదు మించేది ఇందుకే.

పద్ధతి ఎక్కువగా బెడిసికొట్టేది నిద్ర చాలని మర్నాడు. అప్పుడు ఆకలి పుట్టించే ఘ్రెలిన్ హార్మోను పెరుగుతుంది, అంతా ఆకలిలాగే ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం పప్పో గుడ్డో కాస్త ఎక్కువ తినండి. ఎదిగే పిల్లల మీద మాత్రం ఈ పరీక్ష పెట్టకండి. బడి నుంచి రాగానే ఆకలన్నారంటే, పెట్టేయండి.